మోకాలి లిగమెంట్ తెగిందన్నప్పుడు ఆపరేషన్ ఎవరికి, ఓపిక ఎవరికి?

(ఒక ఆదివారం సాయంత్రం కందుకూరులో ఒంగోలు ఫిజియోథెరపిస్టు ఒకరు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

సభలోని పెద్దలకు, అమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడిన కుర్రవాళ్లకు నమస్కారం. కీళ్ల దెబ్బల గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలిచారు. అది నాలుగు మాటలతో తేలే విషయం కాదు గనుక ఒక్క ప్రశ్ననే పట్టుకుని మాట్లాడతాను. ఇరవై రెండేళ్లుగా ఒంగోలులో ఈ వైద్యం చేస్తున్నాను. స్కానింగు కవరు చంకలో పెట్టుకుని వచ్చిన ప్రతి మనిషీ కుర్చీలో కూర్చోకముందే అడిగే ప్రశ్న ఒకటి ఉంది: "ఆపరేషన్ తప్పదా సార్, దానంతట అదే అతుక్కుంటుందా?" అడిగేవారి మనసులో రెండే దారులుంటాయి. ఒకటి కోయించుకోవడం, రెండోది ఊరికే ఉండటం. ఆ రెండోది అసలు దారే కాదని చెప్పడానికే ఈ సాయంత్రం ఇంత దూరం వచ్చాను. ఆపరేషన్ లేకుండా బాగుపడటం వేరు, ఏమీ చేయకుండా వదిలేయడం వేరు. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

నా దగ్గరకు ఎవరు వస్తారు? సంక్రాంతి వెళ్లిన వారానికి కబడ్డీ ఆడిన కుర్రవాళ్లు వస్తారు. బండలాగుడు పందేల్లో ఎడ్ల పక్కన పరుగెత్తి, దున్నినట్టు లేచిన ఆ మట్టిలో కాలు మెలిపడినవారు వస్తారు. సింగరాయకొండ వైపు నుంచి రొయ్యల చెరువు గట్టు మీద జారినవారు, చీమకుర్తి నుంచి రాయి మీద అడుగు తప్పినవారు, హైవే మీద బైకు పడిపోయినవారు వస్తారు. పనులు వేరు, ఊళ్లు వేరు, చెప్పే కథ మాత్రం ఇంచుమించు ఒకటే. పాదం నేలకు పాతినట్టు నిలిచిపోయింది, పై ఒళ్లు తిరిగింది, మోకాలి లోపల టప్పున శబ్దం వచ్చింది, లేచి అడుగు వేస్తే ఆ కాలు తనది కానట్టు అనిపించింది. అప్పుడు నేను అడిగే మొదటి మాట: "వాపు ఎంతసేపట్లో వచ్చింది?" రెండు మూడు గంటల్లోనే మోకాలు గుమ్మడికాయంత అయితే లోపల రక్తం చేరిందని, పెద్దదేదో తెగి ఉండవచ్చని అనుమానించాలి. మర్నాటికి మెల్లగా వచ్చిన వాపు చాలాసార్లు నీరు. స్కానింగు కంటే ముందే ఈ ఒక్క జవాబు సగం సంగతి చెబుతుంది.

మనవాళ్లు దీన్ని "నరం తెగింది" అంటారు. ఆ మాట విని ఇంట్లో ఆడవాళ్లు కాలు పడిపోతుందేమోనని ఏడుస్తారు. తెగింది నరం కాదు. ఎముకనూ ఎముకనూ కట్టి ఉంచే లిగమెంట్ అనే పట్టీ. మోకాలికి ఇటువంటివి ముఖ్యమైనవి నాలుగున్నాయి. రెండు పక్కలా రెండు, కీలు మధ్యలో అడ్డంగా ఒకదాని మీదుగా ఒకటి పోయేవి రెండు. మధ్యలో ముందు వైపు ఉన్నదాన్నే డాక్టర్లు ఏసీఎల్ అంటారు. కబడ్డీ ఆటగాళ్లకు ఈ మూడక్షరాలు తమ ఇంటిపేరుకన్నా బాగా తెలుసు. వీటికి తోడు తొడ ఎముకకూ కింది ఎముకకూ మధ్య నెలవంక ఆకారంలో రెండు మెత్తని పలకలున్నాయి. వాటిని మెనిస్కస్ అంటారు. ఒంటి బరువును పంచేవి అవే.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. లోపలి పక్కన, అంటే రెండో మోకాలి వైపున, ఉండే పట్టీ తెగితే చాలావరకు ఆపరేషన్ లేకుండానే అతుక్కుంటుంది. మధ్యలో ఉన్న ఏసీఎల్ అంత సులువుగా అతుక్కోదు. ఒకే మోకాలు, ఒకే మనిషి, ఒకే దెబ్బ. ఇంత తేడా ఎందుకు? మీలో వ్యవసాయం తెలిసినవారు ఉన్నారు కాబట్టి ఇలా చెబుతాను. నీరు లేని కాలువకు గండి పడితే నాలుగు తట్టల మట్టి వేసి తొక్కితే నిలుస్తుంది. పారే కాలువకు పడిన గండిలో వేసిన మట్టి వేసినట్టే కొట్టుకుపోతుంది. పక్క పట్టీ కీలు బయట, రక్తం బాగా అందే కండ మధ్యన ఉంటుంది. తెగినచోట రక్తం గడ్డకట్టి వంతెనలా నిలుస్తుంది, దాని మీద కొత్త కణజాలం అల్లుకుంటుంది. ఏసీఎల్ ఉన్నది కీలు లోపల, ఎప్పుడూ కదిలే జిగురు నీటిలో. అక్కడ గడ్డ నిలవదు, తెగిన కొసలు దూరమవుతాయి. మెనిస్కస్ కథా ఇటువంటిదే. బయటి అంచుకు రక్తం అందుతుంది కాబట్టి అక్కడి చిరుగు కుట్టినా నిలుస్తుంది. లోపలి అంచుకు రక్తమే లేదు. అందుకే "లిగమెంట్ తెగితే మానుతుందా?" అన్న ప్రశ్నకు జవాబు లేదు. "ఏ లిగమెంట్, ఎక్కడ, ఎంత?" అన్న ప్రశ్నకే జవాబు ఉంది.

సహజంగా మానడం అనగానే మన ప్రాంతంలో అందరికీ గుర్తొచ్చేది పుత్తూరు కట్టు. నవ్వుతున్నారు, అంటే మీలో కొందరు కట్టించుకున్నవారేనన్నమాట. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, గుడ్డ. నేను దాన్ని ఎగతాళి చేయను. పక్కకు జరగని ఎముక విరుపును కదలకుండా పట్టి ఉంచితే శరీరమే అతికించుకుంటుంది. పిండికట్టు చేసేదీ ఆ పనే. అయితే ఎముకకు పనికొచ్చిన సూత్రం కీలు లోపలి పట్టీకి పనికిరాకపోవచ్చు. పైగా ఒక ప్రమాదం ఉంది, దాన్ని మాత్రం గట్టిగా చెప్పాలి. దెబ్బ తగిలిన కొత్తలో వాపు పెరుగుతూ ఉంటుంది. అప్పుడే బిగించి కట్టిన కట్టు, అది నాటు కట్టు కానివ్వండి, ఆసుపత్రి పిండికట్టు కానివ్వండి, లోపలి కండకు రక్తం అందకుండా చేయగలదు. బిగుతు కట్టు వల్ల చెయ్యి గుంజుకుపోయి వేళ్లు ముడుచుకుపోవడాన్ని జర్మనీ సర్జన్ ఫోక్‌మన్ 1881లోనే వివరించి రాశాడు. ఆయన పేరుతోనే ఆ వైకల్యాన్ని నేటికీ పిలుస్తున్నారు. అంతకాలం కిందటే తెలిసిన విషయానికి నేటికీ పిల్లల చేతులు బలవుతున్నాయి. కట్టు కట్టాక నొప్పి తగ్గాలి. తగ్గకపోగా పెరుగుతూ ఉంటే, వేళ్లు చాపబోతే ప్రాణం పోయేటట్టు ఉంటే, తిమ్మిరెక్కితే, ఆ రాత్రి తెల్లవారేదాకా ఆగకండి. కట్టినవారు ఏమనుకుంటారోనని మొహమాటపడకండి. కట్టు విప్పించి వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంకో మాట, మోచేతికి దెబ్బ తగిలిన పిల్లలకు నూనె రాసి మర్దన చేయడం మానండి. అలా రుద్దిన చోట కండలో ఎముక పెరిగి, మోచెయ్యి ముడుచుకోనూ చాచుకోనూ రాకుండా బిగిసిపోయిన పిల్లలను నేను చూశాను.

నా మోకాలి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే ఇదంతా పుస్తకం చూసి చెప్పినట్టుంటుంది. నా ఇరవయ్యో ఏట కాలేజీ కబడ్డీలో, కూతకు వెళ్లి వెనక్కి తిరిగేటప్పుడు, ఇందాక చెప్పిన ఆ టప్పు శబ్దం నా మోకాల్లోనే వినిపించింది. మా నాన్న ఒక ఊళ్లో కట్టు కట్టించారు. మూడు వారాలకు వాపు పోయింది, నొప్పి పోయింది, నేను నడిచాను. మానిపోయిందని ఇంటిల్లిపాదీ నమ్మాం. వాపు తగ్గడం మానడం కాదని మాకు చెప్పినవారు లేరు. మరుసటి ఏడాది మళ్లీ ఆటకు దిగాను, కాలు జారింది. కొన్నాళ్లు కూర్చున్నాను, మళ్లీ దిగాను, మళ్లీ జారింది. జారిన ప్రతిసారీ లోపల మెనిస్కస్ కొంచెం కొంచెం నలిగింది. ముప్పై దాటాక ఒక రోజు మోకాలు పట్టేసి అసలు చాచలేకపోయాను. అప్పుడు చిరిగిన ముక్క తీసేయించుకున్నాను. ఈనాడు పంక్తి భోజనానికి పిలిస్తే నేను బాసింపట్టు వేసుకుని కూర్చోలేను, పెళ్లివారు కుర్చీ వెతుకుతారు. ఆ కట్టు కట్టినాయన తప్పు అని నేను అనను. నేను ఆపరేషన్ వద్దనుకున్నాననుకున్నాను, నిజానికి ఏదీ ఎంచుకోలేదు. తొడ కండ పెంచే వ్యాయామం ఒక్కరోజు చేయలేదు, జారుతున్న కాలుతో ఆట మానలేదు.

సరే, ఎవరు ఆగకూడదు? ఇది వేగంగా చెబుతాను, కానీ మీరు గుర్తుపెట్టుకోవాలి. మోకాలి కీలు మొత్తంగా తప్పి, పాదం చల్లబడినా, పాలిపోయినా, అది గంటల లెక్క. మోకాలి వెనక పెద్ద రక్తనాళం ఉంటుంది, అది దెబ్బతిని ఆరేడు గంటలు దాటితే కాలునే పోగొట్టుకోవలసి రావచ్చు. కీలు మీద గాయం తెరుచుకున్నా, ఎముక విరుపు కీలు లోపలి గచ్చును పగలగొట్టి మెట్టులా చేసినా, కీలు వేడెక్కి జ్వరం వచ్చినా ఓపిక మాట ఎత్తకూడదు. పడుకుని కాలు నిటారుగా పైకి ఎత్తలేకపోతున్నారంటే మోకాలి చిప్పను పట్టే తాడు తెగి ఉండవచ్చు, దాన్ని వారాలలోపే కుట్టాలి. మోకాలు ఒకచోట పట్టేసి పూర్తిగా చాపుకోలేకపోతే చిరిగిన మెనిస్కస్ మధ్యలో ఇరుక్కుందేమో చూడాలి. దాన్ని త్వరగా సరిచేస్తే కుట్టి కాపాడవచ్చు, జాప్యం చేస్తే కత్తిరించి తీసేయడమే మిగులుతుంది.

ఇవేవీ లేని ఏసీఎల్ చిరుగు మాత్రం మొదటి రోజే నిర్ణయం అడగదు. ఈ సంగతి నా నోటి మాటగా కాక, నిలబెట్టి పరీక్షించినవారి మాటగా వినండి. స్వీడన్‌లో 121 మంది యువతీయువకులను, అందరూ చురుగ్గా తిరిగేవారే, రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వెంటనే ఆపరేషన్, ఆ పైన వ్యాయామం. రెండో జట్టుకు ముందు వ్యాయామం, కాలు జారుతూనే ఉంటే అప్పుడు ఆపరేషన్. 2010లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. రెండేళ్లకు రెండు జట్ల మోకాళ్లూ ఇంచుమించు ఒకే తీరులో ఉన్నాయి. ఆగిన జట్టులో 59 మంది ఉంటే రెండేళ్లలో 23 మంది, అయిదేళ్లకు 30 మంది ఆపరేషన్ చేయించుకున్నారు. అంటే ఏమిటి? సగం మందికి అవసరమే పడలేదు. మిగతా సగానికి పడింది. ఈ లెక్క చూపి "ఆపరేషన్ వద్దు" అనేవాడూ, ఇదే లెక్క చూపి "ఎలాగూ చేయాల్సిందే" అనేవాడూ ఇద్దరూ సగమే చదివారు.

మరి 2022లో ఇంగ్లండు వారి ఫలితాలు వచ్చాయి. అక్కడ తీసుకున్నది కొత్త దెబ్బలను కాదు. దెబ్బ పాతబడి, కాలు జారడం అలవాటైన 316 మందిని తీసుకున్నారు. వారిలో ఆపరేషన్ జట్టే మెరుగ్గా ఉంది. స్వీడన్ మాటకు ఇది ఎదురు మాట అనుకుంటున్నారా? కాదండీ. కొత్త దెబ్బకు వ్యాయామంతో అవకాశం ఇవ్వండి అని ఒకటి చెబుతోంది, జారడం మొదలై నెలలు గడిచాక ఇంకా వ్యాయామమే అని కూర్చోకండి అని రెండోది చెబుతోంది. నా కాలికి ఈ రెండో మాట చెప్పినవారుంటే బాగుండేది.

ఈమధ్య కుర్రవాళ్లు ఫోనులో చూసి వచ్చి అడుగుతున్న సంగతి ఇంకొకటి ఉంది. తెగిన ఏసీఎల్ కూడా అతుక్కుంటుందట గదా అని. అది వట్టి పుకారు కాదు. సిడ్నీలో 80 మందికి దెబ్బ తగిలిన కొత్తలోనే మోకాలిని 90 డిగ్రీలకు వంచి, కదలని బ్రేసు, అంటే మోకాలిని పట్టి ఉంచే తొడుగు, తొడిగి, నాలుగు వారాలు అలాగే ఉంచి, తర్వాత వారం వారం కొంచెం కొంచెం వదులు చేసి, 12 వారాలకు బ్రేసు తీశారు. మూడు నెలల స్కానింగులో పదిమందిలో తొమ్మిదిమందికి అతుకు జాడలు కనిపించాయి. 2023లో అచ్చయింది. వంచితే తెగిన కొసలు దగ్గరకు వస్తాయని వారి ఆలోచన. బాగుంది. కానీ పక్కన పోల్చడానికి రెండో జట్టు లేదు. అన్నాళ్లు కాలు వంచి ఉంచితే పిక్కలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది కాబట్టి రక్తం పలచబడే మందులు ఇచ్చి, డాక్టరు కనిపెట్టుకుని ఉండి చేసిన పని అది. దాన్ని చూసి ఇంట్లో తువ్వాలుతో కాలు వంచి కట్టుకున్న కుర్రవాడు ఒకడు నా దగ్గరకు వచ్చాడు. మొహం మీద నవ్వు ఆపుకుని, పిక్క నొక్కి చూసి, ముందు ఆసుపత్రికి పంపాను.

అయితే నిర్ణయం ఎలా? నేను చెప్పేది ఇది. మొదటి ఆరు వారాల పని రెండు దారుల్లోనూ ఒకటే. వాపు దించాలి, మోకాలు పూర్తిగా చాచుకునేటట్టు చేయాలి, తొడ ముందు కండను నిద్ర లేపాలి. ఆపరేషన్ చేయించుకోదలచినవారికి కూడా వాపుతో బిగిసిన మోకాలిని కోస్తే తర్వాత అది బిగిసే ప్రమాదం ఎక్కువ. అందుకే మంచి సర్జన్ "ముందు మోకాలు చల్లబడనివ్వండి, చాపడం రానివ్వండి" అంటాడు. కాబట్టి ఈ ఆరు వారాల్లో తొందరపడి నిర్ణయించవలసిన పని లేదు, చేయవలసిన పని మాత్రం బోలెడుంది. ఆ తర్వాత మూడు నెలల దాకా బలం, నిలకడ పెంచుతూ పోవాలి. ఒంటికాలి మీద నిలబడటం, అరగుంజీలు, మెట్లు. అప్పుడు స్కానింగు కాగితాన్ని పక్కన పెట్టి మోకాలిని అడగాలి. జారుతున్నావా, లేదా? కాగితం మీద పూర్తిగా తెగిన ఏసీఎల్‌తో స్థిరంగా పని చేసుకునేవారున్నారు. సగమే తెగిందని రాసి ఉన్నా గట్టు మీద కూలబడేవారున్నారు.

రెండోది, మనిషి పని. ఆటగాడికి ఆపరేషన్, తక్కినవారికి వ్యాయామం అని ఒక సూత్రం మా వృత్తిలో చలామణిలో ఉంది. మన జిల్లాకు ఆ సూత్రం సరిపోదని నా అభిప్రాయం. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని బురదగట్టు మీద తిరిగే రొయ్యల చెరువు కాపలాదారుకు, మూటతో నిచ్చెన ఎక్కే కూలీకి, ఆదివారం పూట సరదాగా షటిల్ ఆడే ఉద్యోగి కంటే గట్టి మోకాలు కావాలి. కానీ సూత్రం ప్రకారం ఆపరేషన్ సలహా ఉద్యోగికి ముందు అందుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు "నొప్పి ఎక్కడ" అన్నదానికి జవాబు చెప్పి ఊరుకోకండి. మీరు రోజంతా ఏం చేస్తారో, ఎక్కడ నడుస్తారో, గొంతుక్కూర్చునే పని ఉందో లేదో అంతా చెప్పండి. అడగకపోయినా చెప్పండి.

ఆపరేషన్ ఎంచుకున్నవారికీ ఒక హెచ్చరిక. అక్కడ తెగిన పట్టీని కుట్టరు, చాలావరకు తొడ వెనక నుంచో, మోకాలి చిప్ప కింద నుంచో ఒక తాడు తీసి ఎముకల్లో సొరంగాలు చేసి కొత్తగా బిగిస్తారు. ఆ తాడు లిగమెంటుగా మారడానికి నెలలు పడుతుంది. మూడో నెలకు నొప్పి ఉండదు, మనిషి హుషారుగా ఉంటాడు, లోపల తాడు మాత్రం ఇంకా బలహీనమే. తొమ్మిది నెలలు నిండకుండా, మంచి కాలితో పోలిస్తే తొంభై శాతమైనా బలం రాకుండా కబడ్డీ కూతకు వెళ్లకండి. ఆపరేషన్‌కు డబ్బు పెట్టి వ్యాయామం దగ్గర పిసినారితనం చూపేవారు ఇరవై రెండేళ్లుగా నాకు కొదవలేదు. ఆపరేషన్ చేయించుకున్నంత మాత్రాన ముందు ముందు అరుగుదల రాదని కూడా ఎవరూ హామీ ఇవ్వలేరు. ఖర్చు సంగతికి వస్తే, నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను కలిసి, మీకు రాసిన ఆపరేషన్ పేరు ప్రభుత్వ ఆరోగ్య పథకం జాబితాలో ఉందో లేదో ముందే అడగండి, అడ్వాన్సు కట్టాక కాదు.

నలభై అయిదు దాటినవారికి ఒక్క మాట. ఏ దెబ్బా లేకుండా మోకాలు నొప్పి పుట్టి, స్కానింగులో "మెనిస్కస్ చిరుగు" అని వస్తే భయపడకండి. ఆ వయసులో నొప్పి లేనివారిని స్కాను చేసినా చాలామందిలో అది కనిపిస్తుంది. ఫిన్లాండులో 146 మందిలో కొందరికి నిజంగా చిరుగు కత్తిరించి, కొందరికి కత్తిరించినట్టు నటించి కుట్లు వేశారు. ఏడాదికి రెండు జట్ల నొప్పీ ఒకే తీరుగా తగ్గింది. 2013 నాటి మాట ఇది.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పండి పెద్దాయనా... మీ అబ్బాయికా? నెల కిందట, బైకు మీద నుంచి. ఏసీఎల్ అన్నారు. వాపు పోయింది, నడుస్తున్నాడు, కాబట్టి ఎప్పటిదాకా ఆగవచ్చని అడుగుతున్నారు. నడవడం కాదండీ, ముందు ఒకటి చెప్పండి, కాలు పూర్తిగా చాపగలుగుతున్నాడా? కొంచెం వంపు ఉందా. అయితే ఆగడం గురించి తర్వాత, ముందు ఆ వంపు ఎందుకు ఉందో ఈ వారంలోనే డాక్టరుకు చూపించండి. మెనిస్కస్ ఇరుక్కుని ఉంటే ఒక దారి, వట్టి బిగువే అయితే ఇంకో దారి. వట్టి బిగువే అని తేలాక మూడు నెలలు వ్యాయామం. ఆలోపు రెండుసార్లు జారితే మూడు నెలలు నిండేదాకా కూర్చోవద్దు, సర్జన్‌ను కలవండి. అబ్బాయి వచ్చాడా? వెనకున్నాడా. రా బాబూ, సిగ్గుపడకు, ఈ బల్ల మీద కూర్చుని కాలు చాపు. ఎవరి దగ్గరైనా తువ్వాలు ఉంటే ఇవ్వండి. చుట్ట చుట్టి మడమ కింద పెడుతున్నాను, మోకాలి కింద కాదు, చూడండి. ఇప్పుడు తొడ బిగించి మోకాలిని బల్లకేసి నొక్కు. అయిదు అంకెలు లెక్కపెట్టు, వదులు. మళ్లీ. మీరందరూ కూడా కుర్చీల్లోనే కాళ్లు చాపి నాతోపాటు చేయండి.